వెల్లుల్లి నిల్వ: గాలి ఆడాలి, తడి తగలరాదు

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అన్న సామెత వెల్లుల్లి వేసే చిన్న రైతుకు సరిగ్గా సరిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గడ్డ పీకినప్పుడు అందరి సరుకూ ఒక్కసారే మార్కెట్‌కు వస్తుంది. ధర దిగుతుంది. చేతిలో డబ్బు అవసరం కాబట్టి వచ్చిన ధరకే అమ్ముకుంటాం. అదే రైతు చిత్త, స్వాతి కార్తెల్లో మళ్లీ విత్తుకోవడానికి గడ్డ కోసం గంజ్‌కు పోతే అమ్మిన ధరకు రెండింతలు, మూడింతలు పెట్టి కొనాల్సి రావచ్చు.

మన రాష్ట్రంలో ఎల్లిగడ్డ సాగు తక్కువ. కర్మన్‌ఘాట్, సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ ఇళ్లలో వాడే గడ్డలో ఎక్కువ భాగం మధ్యప్రదేశ్, రాజస్థాన్, గుజరాత్‌ల నుంచి లారీల్లో వచ్చేదే. అక్కడ పంట ఎక్కువైతే ఇక్కడ ధర పడిపోతుంది. అక్కడ తగ్గితే ఇక్కడ మండిపోతుంది. 2022లో మధ్యప్రదేశ్ రైతులు కూలి ఖర్చు కూడా గిట్టక గడ్డను పారబోశారు. రెండేళ్లు తిరగకముందే, 2024 ఫిబ్రవరిలో, హైదరాబాద్‌లో చిల్లర ధర కిలో 400 రూపాయల దాకా పోయింది. ధర మన చేతిలో లేదు. పండించిన గడ్డ చెడకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. దీనికి పెద్ద గోదాము అవసరం లేదు. కొద్దిపాటి శ్రద్ధ చాలు.

విత్తనమే అసలు లాభం

ఎకరం వెల్లుల్లి వేయడానికి సుమారు 200 కిలోల రెబ్బలు కావాలి. అంటే గుంటకు 5 కిలోలు. 10 గుంటలు వేసే రైతుకు 50 కిలోలు పడతాయి. ఉదాహరణకు మార్చిలో కిలో 60 రూపాయల చొప్పున అమ్ముకున్న గడ్డనే అక్టోబరులో 200 పెట్టి కొనాల్సి వస్తే, విత్తనానికే 10 వేల రూపాయలు కావాలి. ఆ డబ్బు అందక సాగు మానుకునేవారు, అప్పు తెచ్చేవారు ఉంటారు. అందువల్ల పంట చేతికి రాగానే మొదట విత్తనం, ఆ తర్వాత ఇంటి వాడకం పక్కన పెట్టుకుని, మిగిలింది అమ్ముకోవడం మంచిది.

గడ్డ నిద్రపోతూ ఉంటుంది

నిల్వ గురించి తెలుసుకునే ముందు ఒక విషయం గమనించాలి. ఎల్లిగడ్డ ఎండు మిరప లాంటి ఎండు సరుకు కాదు, ప్రాణమున్న విత్తనం. ప్రతి రెబ్బలోనూ ఒక మొలక ఉంటుంది. పీకిన తర్వాత కొన్ని నెలలు ఆ మొలక నిద్రావస్థలో ఉంటుంది. ఆ కాలంలోనూ గడ్డ మెల్లగా శ్వాసిస్తూనే ఉంటుంది, లోపలి తేమను కొద్దికొద్దిగా కోల్పోతూ ఉంటుంది. రెబ్బలో సుమారు 60 శాతం నీరు ఉంటుంది. ఉల్లిలో ఇది 85 శాతానికి మించుతుంది. అందుకే ఉల్లి కంటే వెల్లుల్లి ఎక్కువ కాలం నిలుస్తుంది.

నిల్వలో గడ్డ మూడు రకాలుగా చెడుతుంది. ఎక్కువ వేడికి, ఎండకు నీరు ఆవిరై తాలుగా మారుతుంది. గాలి ఆడక తేమ పడితే బూజు పట్టి కుళ్లుతుంది. చల్లదనం తగిలితే నిద్ర చెడి మొలకెత్తుతుంది. కింద చెప్పిన పనులన్నీ ఈ మూడింటిని తప్పించడానికే.

పీకడం దగ్గరే మొదలు

నిల్వ పని ఇంట్లో కాదు, మడిలోనే మొదలవుతుంది. ఆకులు పసుపు, గోధుమ రంగుకు తిరిగి, తలలు వాలడం మొదలైతే పంట తయారైనట్టు. పీకడానికి 10 నుంచి 15 రోజుల ముందే నీరు ఆపేయాలి. చివరి తడి వల్ల గడ్డ బరువు పెరుగుతుందని కొందరు ఆశపడతారు. ఆ బరువు నీళ్లదే. అలాంటి గడ్డ పై పొర పగిలి, వానాకాలం రాకముందే కుళ్లు పట్టవచ్చు.

మరీ లేతగా పీకితే పొర గట్టిపడదు, ఎండి ముడుచుకుపోతుంది. మరీ ఆలస్యం చేస్తే రెబ్బలు విచ్చుకుని గడ్డ విడిపోతుంది. రెండూ నిల్వకు పనికిరావు. నేల గట్టిగా ఉంటే ఆకు పట్టి లాగకుండా గడ్డపారతోనో, తొల్లికతోనో మట్టి వదులు చేసి తీయాలి. మట్టి రాలడానికి గడ్డలను ఒకదానికొకటి కొట్టడం, దూరం నుంచి కుప్ప మీదకు విసరడం చేయరాదు. దెబ్బ పైకి కనిపించదు. రెండు నెలల తర్వాత కుళ్లు అక్కడి నుంచే మొదలవుతుంది. ఎట్టి పరిస్థితిలోనూ గడ్డను నీళ్లతో కడగవద్దు.

ఆరబెట్టడంలో తొందర పనికిరాదు

పీకిన మొక్కలను చేలోనే రెండు, మూడు రోజులు వరుసలుగా పరచాలి. ఒక వరుస ఆకు పక్క వరుస గడ్డల మీద కప్పేలా పరిస్తే ఎండ నేరుగా తగలదు. మన ప్రాంతంలో మార్చి ఎండ తీవ్రంగా ఉంటుంది. నేరుగా తగిలితే రెబ్బలు ఉడికినట్టయి రంగు మారతాయి. మబ్బు పట్టినా, వాన సూచన ఉన్నా ఆలస్యం చేయకుండా నీడకు చేర్చుకోవాలి.

ఆ తర్వాత పందిరి కింద, చెట్టు నీడలో లేదా గాలి వీచే వసారాలో 10 నుంచి 15 రోజులు ఆరనివ్వాలి. ఆకు కోయకుండానే ఆరబెట్టాలి. పలుచగా పరచి, రోజు మార్చి రోజు తిరగేయాలి.

ఆరిందో లేదో తెలుసుకోవడం ఎలా? గడ్డ మెడ దగ్గర నులిమి చూడండి. మెత్తగా, చెమ్మగా తగిలితే ఇంకా ఆరలేదు. మెడ సన్నబడి బిగుసుకోవాలి. చేతిలోకి తీసుకుంటే పొట్టు గలగలమనాలి. వేళ్లతో నలిపితే వేర్లు పుటుక్కున విరగాలి. ఈ మూడూ ఉన్న గడ్డే నిల్వకు తగినది. మెడ లావుగా ఉన్నవి, రెబ్బలు విచ్చుకున్నవి, దెబ్బ తిన్నవి ఏరి ముందుగా అమ్మాలి లేదా ఇంట్లో ముందుగా వాడుకోవాలి.

జడ అల్లాలా, ఆకు కోయాలా?

రెండూ మంచివే. జడ అల్లేవారు ఆకు పూర్తిగా పెళుసెక్కక ముందే, కొంచెం మెత్తగా ఉన్నప్పుడు అల్లుకోవాలి. 20, 25 గడ్డలకు ఒక జడ లేదా ఒక కట్ట చొప్పున కట్టి దండేనికి వేలాడదీస్తే అన్ని వైపులా గాలి ఆడుతుంది. ఒక గడ్డ చెడినా పక్క గడ్డలకు తడి అంటదు. విత్తనం గడ్డకు ఈ పద్ధతి బాగా ఉపయోగపడుతుంది.

సంచుల్లో పెట్టేవారు ఆకును గడ్డకు అంగుళం పైన కోయాలి. వేర్లను అర అంగుళం లోపు ఉంచి కత్తిరించాలి. గడ్డ అంటుకుని కోస్తే ఆ గాటు దారిన బూజు లోపలికి పోతుంది. పై పొరలు తెల్లగా నిగనిగలాడాలని ఒలిచివేయడం కొందరికి అలవాటు. ఆ పొరలే గడ్డకు కంబళి లాంటివి. మట్టి పట్టిన ఒక్క పొర తీస్తే చాలు.

ఇల్లు మారింది, చోటూ మారాలి

పాత పెంకుటిళ్లలో మన పెద్దలు ఎల్లిగడ్డ కట్టలను దూలానికి, పొయ్యికి కొంచెం దూరంగా వేలాడదీసేవారు. కట్టెల పొయ్యి పొగ, వేడి వల్ల తేమ నిలిచేది కాదు, పురుగు చేరేది కాదు. పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది.

ఇప్పుడు పరిస్థితి అది కాదు. కర్మన్‌ఘాట్ హనుమాన్ గుడి చుట్టుపక్కల కాలనీలే కాదు, సాగర్ రోడ్డు వెంట ఊళ్లలోనూ స్లాబు ఇళ్లు, సిమెంటు రేకుల గదులు వచ్చాయి. కట్టెల పొయ్యి పోయి గ్యాస్ వచ్చింది. పాత అలవాటు ప్రకారం గడ్డను వంటింట్లో పొయ్యి పైన సజ్జ మీద పెడితే అక్కడ పొగ లేదు, అన్నం ఉడికే ఆవిరి మాత్రమే ఉంది. రోజుకు రెండు పూటలా ఆవిరి పట్టిన గడ్డ వానాకాలంలో నల్లబూజు పట్టక మానదు.

రేకుల కింద అటక మీద పెట్టడం మరొక పొరపాటు. ఏప్రిల్, మే నెలల్లో రేకు కింద వేడి బయటి కంటే ఎక్కువ. ఆ వేడికి రెబ్బ తాలుగా మారడమే కాక, కొన్ని రెబ్బలు లోపల పసుపుపచ్చగా, మైనంలా, జిగటగా తయారవుతాయి. పైన పొట్టు బాగానే కనిపిస్తుంది. వలిచినప్పుడే సంగతి తెలుస్తుంది.

మరి ఎక్కడ పెట్టాలి? ఉత్తరం లేదా తూర్పు వైపు కిటికీ ఉన్న గది, జల్లు కొట్టని వసారా, మెట్ల కింద తడి లేని చోటు అనువైనవి. ఎండ నేరుగా పడరాదు. నేల మీద మాత్రం పెట్టవద్దు. అలికిన నేల అయినా, బండల నేల అయినా వానాకాలంలో చెమ్మ లాగుతుంది. నాలుగు ఇటుకలు పెట్టి, వాటి మీద వెదురు తడకనో చెక్కలనో పరచి, దాని మీద గడ్డ పోసుకోవాలి. కుప్ప అడుగు ఎత్తు మించకుండా చూసుకోవాలి. గోడకు జానెడు దూరం ఉంచాలి. ఆలుగడ్డ పక్కన పెట్టకూడదు. దాని తేమ దీనికి చేటు.

ఎందులో పెట్టాలి?

వల సంచి, వెదురు గంప, చుట్టూ చిల్లులున్న ప్లాస్టిక్ క్రేటు మంచివి. ఇంటి వాడకానికి పెట్టిన రెండు, మూడు కిలోలకు పలుచని నూలు గుడ్డ సంచి అయినా చాలు.

పాలిథిన్ కవరు అసలు పనికిరాదు. గడ్డ విడిచిన తేమ కవరు లోపల చెమటలా పడుతుంది. మూత బిగించిన డబ్బా కూడా అంతే. కొందరు రైతులు ఖాళీ యూరియా సంచుల్లో పోస్తారు. వాటిలో గాలి ఆడదు, పైగా ఎరువు అవశేషాలు మిగిలి ఉంటాయి. తినే గడ్డను వాటిలో పోయరాదు. గోనె సంచి మార్కెట్‌కు మోయడానికి పనికివస్తుంది కానీ, నిండుగా కుక్కి నెలల తరబడి ఉంచడానికి కాదు.

పురుగు పడుతుందని పచ్చి వేపాకు వేయడం వల్ల తేమ పెరుగుతుంది. వేస్తే గలగలలాడేలా ఎండినదే వేయాలి. ధాన్యానికి వాడే మందు బిళ్లలను గడ్డలో పెట్టవద్దు. మనుషులు పడుకునే ఇంట్లో ఆ బిళ్లల నుంచి వచ్చే వాయువు ప్రాణాలు తీస్తుంది.

ఫ్రిజ్‌లో పెడితే నిలుస్తుందా?

ఇది చాలామంది అడిగే ప్రశ్న. ఇంట్లోని ఫ్రిజ్‌లో చల్లదనం 4 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటుంది. వెల్లుల్లిని నిద్ర లేపేది సరిగ్గా ఈ చల్లదనమే. గడ్డకు చలికాలం వచ్చిపోయిందని అనిపించి మొలక కదులుతుంది. బయటికి తీశాక రోజుల్లోనే పచ్చని మొలక కనిపిస్తుంది. శీతల గిడ్డంగుల్లో వెల్లుల్లిని ఉంచేది సున్నా డిగ్రీల దగ్గర, తేమను 60 నుంచి 70 శాతం మధ్య అదుపు చేస్తూ. అది ఇంట్లో సాధ్యం కాదు. మనకు గది వేడి, ధారాళమైన గాలి చాలు. వలవని గడ్డను ఫ్రిజ్‌లో పెట్టవద్దు.

వానాకాలంలో పక్షానికొకసారి ఏరాలి

మృగశిర కార్తె దాకా గడ్డ దాదాపు తనంతట తానే నిలుస్తుంది. అసలు పరీక్ష జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఈ నాలుగు నెలలు 15 రోజులకు ఒకసారి గడ్డలన్నీ బయటికి తీసి చేత్తో తడిమి చూడాలి.

వేలితో నొక్కితే లోపలికి పోయి, బరువు లేకుండా ఉంటే తాలు అయినట్టు. పొట్టు కింద నల్లటి పొడి, రెబ్బ మీద నీలి ఆకుపచ్చ బూజు కనిపిస్తే ఆ గడ్డను వెంటనే తీసివేసి ఇంటికి దూరంగా పూడ్చాలి. దాని పక్క గడ్డలను విడిగా ఆరబెట్టాలి. బూజు పట్టిన రెబ్బను సగం కోసి మిగతా సగం వాడుకోవడం మంచిది కాదు. మొలక వచ్చిన గడ్డ మాత్రం విషం కాదు, కూరలో వేసుకోవచ్చు. రుచి కొంచెం వగరుగా ఉంటుంది, ఎక్కువ రోజులు ఆగదు కాబట్టి ముందుగా వాడేయాలి.

ముసురు వదిలి ఎండ కాసిన రోజు కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలి. ముసురు పట్టినన్నాళ్లు మూసి ఉంచాలి. ఫ్యాను ఉన్న గదిలో రోజుకు గంట, రెండు గంటలు తిప్పినా మేలే.

విత్తనం గడ్డ విషయంలో

విత్తనానికి పెట్టే గడ్డను తినే గడ్డతో కలపకుండా వేరే జడలు కట్టుకోవాలి. ఒకే రకం, ఒకే ఆకారం, గట్టిదనం ఉన్న గడ్డలను ఎంచుకోవాలి. 50 కిలోల మంచి రెబ్బలు కావాలంటే కనీసం 70 నుంచి 75 కిలోల గడ్డ పక్కన పెట్టుకోవాలి. నిల్వలో కొంత బరువు తగ్గుతుంది, కొంత చెడుతుంది, గడ్డ నడిమిలో ఉండే సన్న రెబ్బలు విత్తడానికి పనికిరావు.

గడ్డను ముందుగానే విడదీసి రెబ్బలుగా పెట్టుకోకూడదు. విడదీసిన రెబ్బ త్వరగా ఎండుతుంది. విత్తే ముందు రోజు లేదా అదే రోజు విడదీయాలి. పొట్టు ఒలవరాదు.

అన్ని రకాలూ ఒకేలా నిలవవు. కొత్తగా విత్తనం తెచ్చుకునేవారు అగ్రిఫౌండ్ వైట్, యమునా సఫేద్, గోదావరి, పుణె దగ్గర రాజ్‌గురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ విడుదల చేసిన భీమా ఓంకార్, భీమా పర్పుల్ వంటి రకాల్లో మీ నేలకు తగినది ఏదో ఉద్యాన అధికారిని అడిగి తెలుసుకోవాలి. కొండ ప్రాంతాల రకాలు మన దగ్గర సరిగా గడ్డ కట్టవు. మార్కెట్‌లో తినడానికి అమ్మే గడ్డను విత్తనంగా కొనేటప్పుడు జాగ్రత్త అవసరం. మొలక రాకుండా రేడియేషన్ పట్టించిన గడ్డ అయితే అది ఎంత బాగున్నా మొలవదు.

మిగిలిన గడ్డను ఏం చేయాలి?

ఆగస్టు తర్వాత నిలవదనిపించిన గడ్డను పారేయనక్కరలేదు. మంచి రెబ్బలు వలిచి, పలుచని ముక్కలు కోసి, పలుచని గుడ్డ కప్పి ఎండబెట్టి, విరిస్తే పటుక్కుమనే దాకా ఆరాక పొడి చేసుకోవచ్చు. సుమారు 3 కిలోల వలిచిన రెబ్బలకు కిలో పొడి వస్తుంది. దీన్ని మాత్రం గాలి చొరని సీసాలో పెట్టాలి. ఎండిన సరుకుకు గాలి శత్రువు, పచ్చి గడ్డకు గాలి మిత్రుడు. ఈ తేడా మరవరాదు.

ఉప్పు, నిమ్మరసం లేదా చింతపండు పట్టించి పచ్చడి పెట్టుకోవచ్చు. పులుపు తగిలి రెబ్బలు ఒక్కోసారి ఆకుపచ్చగా, నీలంగా మారతాయి. అది పులుపు వల్ల వచ్చే రంగే, బూజు కాదు, భయపడనక్కరలేదు.

అయితే వలిచిన పచ్చి రెబ్బలను వట్టి నూనెలో ముంచి సీసాలో పెట్టి బయట ఉంచడం ప్రమాదం. నూనె కింద గాలి తగలదు. అలాంటి చోట బొటులిజం అనే జబ్బు తెచ్చే విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి పెరుగుతుంది. వాసన, రుచి మారకపోవచ్చు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఇలా నూనెలో నిల్వ చేసిన వెల్లుల్లి తిని 30 మందికి పైగా జబ్బుపడ్డారు. నూనెలో వేసిన రెబ్బలు ఫ్రిజ్‌లో పెట్టినా నాలుగు రోజుల్లో వాడేయాలి. ఆవకాయలో వేసే వెల్లుల్లికి మామిడి పులుపు, ఉప్పు కాపలా ఉంటాయి కాబట్టి దాని సంగతి వేరు.

నిల్వ చేస్తే గిట్టుతుందా? లెక్క ఇలా

అమ్మకానికి నిల్వ చేయదలచినవారు ముందు బరువు లెక్క తెలుసుకోవాలి. బాగా ఆరిన గడ్డ 10 కిలోలు తూచి ఒక వల సంచిలో విడిగా పెట్టండి. నెలనెలా చెడినవి తీసేసి తూచి రాసుకోండి. ఉదాహరణకు అక్టోబరు నాటికి 8 కిలోలు మిగిలిందనుకుందాం. మార్చిలో కిలో 60 ఉంటే ఆ సంచి విలువ 600 రూపాయలు. 8 కిలోలకు అదే 600 రావాలంటే కిలో 75 పలకాలి. అంతకు మించితేనే లాభం. అప్పు మీద వడ్డీ ఉంటే అదీ కలుపుకోవాలి. ఏడాదికేడాది మీ ఇంటి లెక్క మీకే తెలుస్తుంది.

ఆరబెట్టే చోటు, గాలి ఆడే గది లేనివారు ఆశకు పోయి మొత్తం నిల్వ పెట్టవద్దు. విత్తనానికి, ఇంటికి సరిపడా ఉంచుకుని మిగతాది అమ్ముకోవడమే మేలు. 1999లో మొదలైన రైతుబజార్ల వల్ల చిన్న రైతు తన సరుకును తానే అమ్ముకునే వీలు కలిగింది. సరూర్‌నగర్ రైతుబజారు లాంటి చోట ఒక్కసారే మూట దించకుండా, వారానికి కొంత చొప్పున నాలుగైదు నెలలు అమ్ముకోగలిగేది గడ్డ నిలిచినవారే. కొనే ఇల్లాలికి "కవరులో కట్టి ఉంచకమ్మా, గాలి తగిలేలా పెట్టుకో" అని ఒక మాట చెప్పండి. గడ్డ బాగుంటే మరుసటి వారం మీ దగ్గరికే వస్తుంది.

గుర్తుంచుకోవలసినవి

* పీకడానికి 10 నుంచి 15 రోజుల ముందు నీరు ఆపాలి.
* చేలో రెండు, మూడు రోజులు, నీడలో 10 నుంచి 15 రోజులు ఆకుతో సహా ఆరబెట్టాలి.
* మెడ బిగిసి, పొట్టు గలగలమని, వేర్లు విరిగితేనే నిల్వ పెట్టాలి.
* వల సంచి, గంప, జడ మంచివి. పాలిథిన్ కవరు, యూరియా సంచి, మూత డబ్బా వద్దు.
* ఫ్రిజ్, రేకుల కింద అటక, పొయ్యి పైన సజ్జ తగవు.
* జూన్ నుంచి సెప్టెంబరు దాకా పక్షానికొకసారి ఏరాలి.
* విత్తనం గడ్డ వేరుగా పెట్టాలి. విత్తే ముందే రెబ్బలు విడదీయాలి.